శిలీంధ్రాల్లో జన్యు నియంత్రణ, ప్రోటీన్ ఉత్పత్తి: గణిత నమూనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ, గచ్చిబౌలి వైపు ప్రయోగశాలల్లో ప్రాజెక్టు పని చేసే విద్యార్థులతో కొన్నేళ్లుగా ఆదివారాలు కూర్చుంటున్నాను. బూజులు, ఈస్టులు పెంచేవారు గణితం దగ్గర ఆగిపోతారు. గణితం వచ్చినవారు కణం దగ్గర ఆగిపోతారు. ఇద్దరూ తెచ్చే సందేహాలు మాత్రం మళ్లీ మళ్లీ అవే. అందుకే వాటిని వారు అడిగిన మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఎక్కడి నుంచైనా చదవవచ్చు. ఈ పేజీలో 'నమూనా' అంటే గణిత నమూనా అనే అర్థం. ఫ్లాస్కు నుంచి పరీక్షకు తీసేదాన్ని శాంపిల్ అన్నాను.

## మొదలుపెట్టే ముందు

బాక్టీరియాతో పని సులువు కదా, శిలీంధ్రాలే ఎందుకు?

జవాబు మన ఊళ్లోనే ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి, 2021 డిసెంబరులో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన బయొలాజికల్-ఇ కోర్బెవాక్స్, ఈ రెండింటిలోని ప్రోటీన్‌నూ తయారుచేసింది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. శిలీంధ్ర కణానికి కేంద్రకం ఉంది, ప్రోటీన్‌ను మడిచి చక్కెర గొలుసులు తగిలించే ఏర్పాటు ఉంది, తయారైన సరుకును బయటి ద్రవంలోకి పంపే దారి ఉంది. ట్రైకోడెర్మా రీసీ అనే బూజును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో గుర్తించారు. అమెరికా సైనికుల గుడారాలను, నూలు బట్టలను అది తినేస్తోంది. దాని సంతతి నుంచే వచ్చిన పారిశ్రామిక రకాలు నేడు లీటరు ద్రవంలోకి 100 గ్రాములకు పైగా ప్రోటీన్ వదులుతున్నాయి. ఇంత సామర్థ్యానికి తగ్గట్టే జన్యువుకూ సరుకుకూ మధ్య మెట్లు ఎక్కువ. ఏ మెట్టు దగ్గర పని ఆగుతోందో తెలుసుకోవడానికే నమూనా కావాలి.

నమూనా అంటే అసలు ఏమిటి? ప్రయోగం చేస్తే తెలిసిపోదా?

వానాకాలంలో పత్రికలో ఉస్మాన్‌సాగర్ వార్త చూడండి: ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నీటిమట్టం ఇన్ని అడుగులు. మట్టం ఎంత వేగంగా మారుతుందో చెప్పేది మొదటి రెండు అంకెల తేడా. కణంలో ప్రోటీన్ లెక్క కూడా అదే. తయారయ్యేది ఇన్‌ఫ్లో, నశించేది ఔట్‌ఫ్లో.

ప్రయోగంలో మనకు సాధారణంగా మట్టం మాత్రమే కనిపిస్తుంది. ప్రోటీన్ రెట్టింపైంది అనుకుందాం. తయారీ పెరిగిందా, నాశనం తగ్గిందా? మట్టాన్ని ఒక్కసారి చూసి చెప్పలేం. నమూనా రాయడానికి కూర్చుంటే ఈ ప్రశ్నను తప్పించుకోలేరు, ఎందుకంటే సమీకరణంలో రెండు గడులూ నింపాలి. జన్యువును నడిపించే డీఎన్‌ఏ ముక్క అయిన ప్రమోటర్‌ను బలపరిస్తే ఎక్కువ లాభమా, సరుకును కొరికేసే ప్రోటియేజ్ జన్యువును తీసేస్తే ఎక్కువ లాభమా అన్నది మూడు నెలల ప్రయోగానికి ముందే కొంతైనా అంచనా వేయవచ్చు.

నేను బైపీసీ. అవకలన సమీకరణాలు చూస్తే భయం. నాకు సాధ్యమేనా?

సాధ్యమే. కావలసినవి మూడే: రేటు అంటే ఏమిటో, ఘాతీయ క్షయం ఎలా సాగుతుందో, సంవర్గమానం ఎందుకు తీస్తారో తెలియాలి. సమీకరణాన్ని సాధించే పని కంప్యూటర్‌ది. మొదటి వారం సాఫ్ట్‌వేర్ కూడా వద్దు. ఎక్సెల్‌లో ఒక్కో వరుసను ఒక్కో నిమిషంగా తీసుకుని, ఉన్నదానికి తయారైనది కలిపి, నశించినది తీసివేస్తూ వంద వరుసలు కిందికి వెళ్లండి. గీత మొదట నిటారుగా లేచి మెల్లగా చదునవుతుంది. అది ఎందుకు చదునవుతుందో మీ మాటల్లో చెప్పగలిగిన రోజు భయం పోతుంది.

ఎంపీసీ నుంచి వచ్చినవారికి నేను చెప్పేది ఇంకోలా ఉంటుంది. రెండు వారాలు ప్రయోగశాలలో నిలబడండి. బూజు ఫ్లాస్కులో ఉండలు కడుతుందని, షేకర్ ఆగితే పది నిమిషాల్లో దానికి ఆక్సిజన్ కరవవుతుందని కళ్లారా చూడకుండా రాసిన సమీకరణాలు గాలిలో ఉంటాయి.

ఏ జీవిని ఎంచుకోవాలి?

మీ ప్రయోగశాలలో ఇప్పటికే పెరుగుతున్నదాన్ని. ఎంపికకు అవకాశముంటే నియంత్రణ తర్కం నేర్చుకోవడానికి సాకరోమైసిస్ ఈస్టు, జీవగడియారం కోసం న్యూరోస్పోరా అనే బూజు, ఎంజైమ్ ఉత్పత్తికి ఆస్పర్‌జిల్లస్ నైజర్ లేదా ట్రైకోడెర్మా.

## సమీకరణాలు రాసేటప్పుడు

ఒక జన్యువుకు ఎన్ని సమీకరణాలు రాయాలి?

రెండుతో మొదలుపెట్టండి. ఒకటి జన్యువు నకలు అయిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు, ఒకటి ప్రోటీన్‌కు. నకలు తీయడం అనులేఖనం, ఆ నకలు నుంచి ప్రోటీన్ తయారుచేయడం అనువాదం. మెసెంజర్ మార్పు రేటు = అనులేఖన రేటు − (క్షయ స్థిరాంకం × ఉన్న మెసెంజర్). ప్రోటీన్ మార్పు రేటు = (అనువాద రేటు × ఉన్న మెసెంజర్) − (తగ్గుదల స్థిరాంకం × ఉన్న ప్రోటీన్).

ఊహించిన అంకెలతో ఒకసారి చేద్దాం. నిమిషానికి 2 మెసెంజర్లు తయారవుతున్నాయి, వాటి అర్ధాయువు 20 నిమిషాలు. క్షయ స్థిరాంకం 0.693 ÷ 20, అంటే నిమిషానికి సుమారు 0.0347. తయారీ, నాశనం సమానమైన స్థిరస్థితిలో మెసెంజర్ల సంఖ్య 2 ÷ 0.0347, సుమారు 58. ఒక్కో మెసెంజర్ నుంచి నిమిషానికి 3 ప్రోటీన్లు వస్తాయనుకోండి. ప్రోటీన్ దానంతట అది నశించదు, కానీ కణం 90 నిమిషాలకొకసారి రెండవుతుంది కాబట్టి పలచబడుతుంది. ఆ స్థిరాంకం 0.693 ÷ 90, అంటే 0.0077. స్థిరస్థితిలో ప్రోటీన్ సంఖ్య 58 × 3 ÷ 0.0077, దాదాపు 22,500.

విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది ఆ పలచబడటాన్నే. చెదరని ప్రోటీన్ కూడా పెరిగే కణంలో తగ్గుతూనే ఉంటుంది. కణం మెల్లగా పెరిగితే, తయారీ రేటు ఏమాత్రం మారకపోయినా, ఒక్కో కణంలోని ప్రోటీన్ పెరుగుతుంది. దీన్ని చూసి జన్యువు ఉత్తేజితమైందని రాసిన నివేదికలు నేను సరిదిద్దాను.

హిల్ ప్రమేయంలో ఘాతాంకం 4 అని పెట్టాను, సరిపోయింది. తప్పా?

తప్పని అనను. ఎందుకు పెట్టారో చెప్పగలగాలి. ఆర్చిబాల్డ్ హిల్ 1910లో హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ అంటుకునే తీరు వివరించడానికి ఈ సూత్రం రాశాడు. ప్రేరకం, అంటే జన్యువును నడిపించే పదార్థం, పెరిగేకొద్దీ స్పందన ఎలా పెరుగుతుందో మనం దీనితో రాస్తాం. ఘాతాంకం ఆ స్విచ్ ఎంత పదునైనదో చెబుతుంది. ప్రతిస్పందన 10 శాతం నుంచి 90 శాతానికి చేరాలంటే, ఘాతాంకం 1 అయితే ప్రేరకం 81 రెట్లు పెరగాలి. 2 అయితే 9 రెట్లు, 4 అయితే 3 రెట్లు చాలు. మీ ప్రయోగంలో ప్రేరకాన్ని రెండే మోతాదుల్లో వాడి ఉంటే, 2కూ 4కూ తేడా మీ డేటాకు తెలియదు. కనీసం ఆరేడు మోతాదులు కావాలి, అందులో సగం స్పందన వచ్చే చోటు చుట్టూ ఎక్కువ. ఘాతాంకం అంటే డీఎన్‌ఏ మీద ప్రోటీన్ అంటుకునే చోట్ల సంఖ్య అని రాయకండి. ఆ సంఖ్య ఘాతాంకానికి గరిష్ఠ హద్దు కావచ్చు గానీ, ఘాతాంకం నేరుగా ఆ లెక్క కాదు.

గ్లూకోజ్ ఉంటే జన్యువు ఆగుతుంది, ప్రేరకం ఉంటే నడుస్తుంది. రెంటినీ కలిపి ఎలా రాయాలి?

చాలా సందర్భాల్లో గుణించాలి. ట్రైకోడెర్మాలో సెల్యులేజ్ జన్యువులను నడిపించే ముఖ్య ప్రోటీన్ ఎక్స్‌వైఆర్1, గ్లూకోజ్ దొరికినప్పుడు అణచేది సీఆర్‌ఈ1. ప్రేరణ పదాన్ని, అణచివేత పదాన్ని కూడితే నిండా గ్లూకోజ్ ఉన్నా ప్రేరకం వల్ల కొంత ఉత్పత్తి మిగులుతుంది. గుణిస్తే గ్లూకోజ్ అన్నిటినీ మూసేస్తుంది. ఫ్లాస్కులో కనిపించేది ఎక్కువగా రెండోదే.

ఇంకో మెలిక ఉంది. సీఆర్‌ఈ1 సెల్యులేజ్ జన్యువులనే కాక ఎక్స్‌వైఆర్1 జన్యువును కూడా అణచుతుంది. గ్లూకోజ్ దెబ్బ రెండు చోట్ల పడుతుంది కాబట్టి సమీకరణంలోనూ రెండు చోట్ల రావాలి. ప్రసిద్ధమైన రట్-సీ30 రకంలో ఈ సీఆర్‌ఈ1 జన్యువు తెగిపోయి ఉంది. మీ నమూనాకు అదే మంచి పరీక్ష: అణచివేత పదాలను తీసేస్తే గ్లూకోజ్ సమక్షంలోనూ ఉత్పత్తి రావాలి.

నాకు చాలా ఇష్టమైన చిక్కు ఇక్కడే ఉంది. వరిగడ్డిలోని సెల్యులోజ్ నీటిలో కరగదు, కణంలోకి పోదు. మరి అది ఉందని బూజుకు ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ కొద్దిగా తయారవుతూ ఉండే ఎంజైమ్ దాన్ని తునకలు చేస్తుంది. ఆ తునకల నుంచి సోఫోరోజ్ వంటి ప్రేరకం ఏర్పడుతుంది. ప్రేరకం మరింత ఎంజైమ్‌ను పుట్టిస్తుంది. కాబట్టి మీ సమీకరణంలో ప్రేరకం లేనప్పటి కనీస ఉత్పత్తిని సున్నా అని రాస్తే, మీ బూజు గడ్డి కుప్ప మీద కూర్చుని ఆకలితో చచ్చిపోతుంది.

పరామితులు ఒక్కటీ తెలియవు. నమూనా మానుకోవాలా?

అక్కర్లేదు. పరామితులంటే సమీకరణంలోని రేట్లు, స్థిరాంకాలు. అవి లేకుండానే ప్రతి జన్యువునూ ఉంది, లేదు అని రెండే స్థితులతో రాసే తార్కిక నమూనాలను స్టూవర్ట్ కాఫ్‌మన్ 1969లోనే ప్రతిపాదించాడు. ఎవరు ఎవరిని ప్రేరేపిస్తారో, అణచుతారో తెలిస్తే చాలు. ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్నలకు మాత్రం వీటి దగ్గర జవాబు లేదు.

నా ఫలితంలో అలలు వస్తున్నాయి. కోడ్ తప్పా, నిజమా?

ముందు కాల అంతరాన్ని సగం చేసి మళ్లీ నడపండి. అలలు మాయమైతే తప్పు లెక్కింపుది. మిగిలితే, ఎక్కడో ఆలస్యంతో కూడిన ప్రతికూల పునర్నివేశం (తయారైనది తిరిగి తన తయారీనే అణచడం) ఉందన్నమాట. న్యూరోస్పోరాలో ఎఫ్‌ఆర్‌క్యూ ప్రోటీన్ తన జన్యువును నడిపే రెండు ప్రోటీన్ల జంటనే అణచుతుంది. ఆ చక్రం చీకట్లో కూడా సుమారు 22 గంటలకొకసారి తిరుగుతుంది. గుడ్విన్ 1965లో ఇలాంటి చక్రానికి మూడు సమీకరణాలు రాశాడు. అవి ఆగకుండా ఊగాలంటే హిల్ ఘాతాంకం 8 దాటాలని గ్రిఫిత్ 1968లో చూపాడు. కాబట్టి మీ మూడు సమీకరణాల నమూనా ఘాతాంకం 2తోనే గడియారంలా ఊగితే అనుమానించండి.

## ప్రయోగశాల నుంచి అంకెలు తెచ్చుకునేటప్పుడు

శాంపిళ్లు ఎప్పుడెప్పుడు తీయాలి?

మార్పు జరిగేటప్పుడు. వినడానికి చిన్న మాటే గానీ దీని వల్ల నేను ఒక వేసవి మొత్తం నష్టపోయాను. ప్రేరకం వేసి 24, 48, 72 గంటలకు శాంపిళ్లు తీశాను, అదే అక్కడ అలవాటు. ఈస్టు మెసెంజర్ల అర్ధాయువు సగటున ఇరవై నిమిషాల పైచిలుకు. 24 గంటలకు అంతా సద్దుమణిగి ఉంటుంది. చదునైన గీత నుంచి ఏ రేటూ రాదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చినవారితో 0, 5, 10, 20, 40, 80 నిమిషాలు అని ముందే కాగితం మీద రాయిస్తాను. తంతువులు కట్టే బూజుకు కొంచెం వెడల్పుగా, 15 నిమిషాల నుంచి మొదలుపెట్టవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మంచు ముందే సిద్ధం చేసుకోండి. తీసిన క్షణంలోనే చల్లార్చకపోతే, గొట్టంలో కూడా ఆర్‌ఎన్‌ఏ క్షయం సాగుతూనే ఉంటుంది.

క్యూపీసీఆర్ 'ఎన్ని రెట్లు' అని చెబుతుంది. నమూనాకు అణువుల సంఖ్య కావాలి కదా?

తప్పనిసరి కాదు. క్యూపీసీఆర్ అంటే మెసెంజర్ ఎంత ఉందో పోలికగా కొలిచే పరీక్ష. నమూనా ఫలితాన్ని ఒక గుణకంతో హెచ్చించి ఆ రెట్లతోనే పోల్చవచ్చు. ఆ గుణకం కూడా ఒక పరామితే అని గుర్తుంచుకుని దాన్నీ అంచనా వేయండి. జాగ్రత్త పడాల్సింది పోలిక జన్యువు విషయంలో. యాక్టిన్ స్థాయి మారదని నమ్మి వాడతారు. కార్బన్ వనరు మార్చినప్పుడు, పెరుగుదల వేగం మారినప్పుడు అది కూడా మారవచ్చు. రెండు మూడు పోలిక జన్యువులు వాడండి.

ఒకే స్థిరాంకానికి ఒక్కో పరిశోధన పత్రంలో ఒక్కో విలువ ఉంది. ఏది తీసుకోవాలి?

విలువకంటే ముందు కొలిచిన పద్ధతి చదవండి. ఈస్టు ప్రోటీన్ల అర్ధాయువులను మందుతో అనువాదాన్ని ఆపేసి కొలిచిన 2006 నాటి అధ్యయనంలో మధ్యస్థ విలువ సుమారు 43 నిమిషాలు. ఐసోటోపు గుర్తులతో, పెరుగుతున్న కణాల్లో కొలిచినప్పుడు అది గంటల్లోకి వెళ్లింది. మందు వేసిన కణం మామూలు కణం కాదు. మీ కణాలు పెరుగుతుంటే రెండో రకం విలువకు దగ్గరగా మొదలుపెట్టి, ఒక హద్దుల మధ్య మారనివ్వండి.

## కంప్యూటర్ మీద నడిపేటప్పుడు

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఏదీ కొనకండి. కోపాసీ ఉచితం, కోడ్ రాయనక్కర్లేదు. కోడ్ వచ్చినవారికి పైథాన్ లేదా ఆర్ చాలు. ఇతరులు రాసిన నమూనాలు బయోమోడల్స్ భాండాగారంలో దొరుకుతాయి. మొదట ఒకదాన్ని దింపుకుని, వాళ్ల పటాన్ని మీ కంప్యూటర్‌లో మళ్లీ రప్పించండి.

గీత డేటా మీద చక్కగా కూర్చుంది. కానీ నడిపిన ప్రతిసారీ వేరే పరామితులు వస్తున్నాయి. ఎందుకు?

ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నకు మీ డేటాలో జవాబు లేదు. ప్రోటీన్ మాత్రమే కొలిచారనుకోండి. స్థిరస్థితి ప్రోటీన్‌లో అనులేఖన రేటు, అనువాద రేటు గుణించుకుని వస్తాయి. 2 × 3 అయినా 6, 1 × 6 అయినా 6. ఈ రెండు జతలూ ఒకే గీతను ఇస్తాయి. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా వాటిని వేరు చేయలేదు. కణం లోపల ఈ రెండూ పూర్తిగా వేర్వేరు కథలు.

మార్గాలున్నాయి. మెసెంజర్‌ను కూడా కొలవండి, గుణకారం విడిపోతుంది. లేదా నడుస్తున్న జన్యువును ఉన్నట్టుండి ఆపండి: గాలక్టోజ్ మీద పెరుగుతున్న ఈస్టుకు గ్లూకోజ్ వేస్తే గాలక్టోజ్‌ను వాడుకునే గాల్ జన్యువుల అనులేఖనం త్వరగా నిలిచిపోతుంది, ఆ తర్వాతి పతనం క్షయ స్థిరాంకాన్ని విడిగా చూపుతుంది. కొత్త ప్రయోగానికి వీలు లేకపోతే, ఒక్కో పరామితిని ఒక విలువ దగ్గర బిగించి మిగతావాటిని మళ్లీ సరిపెట్టండి. బిగించిన విలువను అటూ ఇటూ జరుపుతూ దోషం ఎలా మారుతుందో గీయండి. గిన్నెలా వంపు తిరిగితే ఆ పరామితి తెలిసినట్టు. నేలలా చదునుగా ఉంటే తెలియనట్టు. చదునుగా వచ్చినదానికి దశాంశం తర్వాత మూడు అంకెలు వేసి పట్టికలో పెట్టడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. హద్దులు రాయండి.

ఒకే ఫ్లాస్కులో కొన్ని ఈస్టు కణాలు వెలిగాయి, కొన్ని వెలగలేదు. నా సమీకరణం సగం వెలుగు చూపుతోంది. ఏది నిజం?

కణాలే నిజం. సగం వెలిగిన కణం ఆ ఫ్లాస్కులో లేనే లేదు, అది సగటులో మాత్రమే ఉంది. గాల్ వ్యవస్థలో గాల్3 ప్రోటీన్ తన తయారీకి తానే దోహదం చేస్తుంది. ఇలాంటి అనుకూల పునర్నివేశం ఉన్నచోట రెండు స్థిరస్థితులు సాధ్యమవుతాయి. కణం ఏ వైపు పోతుందన్నది దాని గతాన్ని, అణువుల యాదృచ్ఛికతను బట్టి ఉంటుంది. అణువులు పదుల్లో ఉన్నప్పుడు గిలెస్పీ 1977లో వివరించిన పద్ధతితో ఒక్కో చర్యనూ పాచిక వేసినట్టు నడపాలి. వేలల్లో ఉండి పునర్నివేశం లేకపోతే మామూలు సమీకరణాలు చాలు. బూజు తంతువులో అనేక కేంద్రకాలు ఒకే ద్రవ్యాన్ని పంచుకుంటాయి కాబట్టి అక్కడ 'ఒక కణం' అన్న లెక్కనే ముందుగా నిర్వచించుకోవాలి.

## కణం బయటికి, ఫెర్మెంటర్‌లోకి

పది జన్యు ప్రతులు పెట్టాం. నమూనా పది రెట్లు అంది, ఫ్లాస్కులో రెండు రెట్లు కూడా రాలేదు. ఏం జరిగింది?

ఈ ప్రశ్న నా దగ్గరికి వచ్చినన్ని సార్లు మరేదీ రాలేదు. పంట బాగా పండిన ఏడు ధాన్యం కొనుగోలు కేంద్రం తలుచుకోండి. గోనె సంచులు అన్నే, హమాలీలు అంతే, లారీలు అన్నే. పొలంలో దిగుబడి రెట్టింపైతే రోడ్డు మీద కుప్పలు పెరుగుతాయి, మిల్లుకు చేరేది పెరగదు. పైగా వాన వస్తే ఉన్నదీ తడుస్తుంది.

కణంలో మొదటి ఇరుకు ప్రమోటర్ దగ్గరే. జన్యువును నడిపించే ప్రోటీన్ పరిమితంగా ఉంటే పది ప్రతులూ దాన్ని పంచుకుంటాయి. రెండోది, అసలైనది, అంతర్జీవ ద్రవ్యజాలంలో. బయటికి పోవాల్సిన ప్రతి ప్రోటీన్ అక్కడ సరిగా మడత పడాలి. మడతలో సాయపడే బిప్ వంటి ప్రోటీన్లు చాలకపోతే కుప్ప పడుతుంది. అప్పుడు కణం ప్రమాద సంకేతం ఇస్తుంది. ఐఆర్‌ఈ1 అనే ప్రోటీన్ హెచ్‌ఏసీ1 మెసెంజర్‌లోంచి ఒక ముక్కను కత్తిరిస్తుంది. ఆ ముక్క సాకరోమైసిస్‌లో 252 న్యూక్లియోటైడ్లు, ఆస్పర్‌జిల్లస్, ట్రైకోడెర్మాల్లో 20 మాత్రమే. కత్తిరింపు తర్వాత వచ్చే ప్రోటీన్ మడత యంత్రాంగాన్ని పెంచుతుంది. సరిగా మడవనివి ముక్కలవుతాయి. తంతు శిలీంధ్రాల్లో మరో చర్య కూడా చూశారు: స్రావ ఒత్తిడి ఎక్కువైతే బయటికి పంపాల్సిన ప్రోటీన్ల జన్యువుల అనులేఖనమే తగ్గిపోతుంది. అంటే మిల్లు నిండితే పొలంలోనే నాట్లు తగ్గించినట్టు.

సమీకరణంలో చేయాల్సింది ఇది. ప్రోటీన్‌ను లోపలిది, మడిచినది, బయటిది అని మూడుగా విడదీయండి. మడత రేటును గరిష్ఠ హద్దు ఉన్న పదంగా, మైకేలిస్-మెంటెన్ రూపంలో రాయండి. మడవని ప్రోటీన్ నుంచి అనులేఖనం వైపు ఒక అణచివేత పదం గీయండి. అప్పుడు పది ప్రతుల నమూనా కూడా రెండు రెట్ల దగ్గర ఆగుతుంది. ఇంకా ముఖ్యంగా, మూడు ప్రతుల తర్వాత లాభం లేదని, ఆ శ్రమ మడత యంత్రాంగం మీద పెట్టాలని ముందే చెప్పగలుగుతుంది.

ఈస్టుకు రాసిన పెరుగుదల సమీకరణం బూజుకు వాడవచ్చా?

మొదటి కొన్ని గంటలకు వాడవచ్చు. ఉండలు కట్టాక కాదు. ఉండ లోపలికి ఆక్సిజన్ చేరదు, పై పొర మాత్రమే పెరుగుతుంది. అప్పుడు వ్యాసార్ధం సమవేగంతో పెరుగుతుంది, బరువు ఘనమూలం కాలంతో సరళరేఖలో సాగుతుంది. న్యూరోస్పోరాలో ఎమర్సన్ 1950లో చూపింది ఇదే. స్రావం కూడా ఎక్కువగా తంతువుల కొసల దగ్గరే జరుగుతుంది. మొత్తం బరువుకు ప్రోటీన్‌ను ముడిపెడితే లోపలి నిస్తేజమైన భాగాన్ని కూడా కూలి లెక్కలో వేసినట్టవుతుంది.

ఉత్పత్తి పెరుగుదలతో ముడిపడి ఉందో లేదో ఎలా తేల్చాలి?

ల్యూడెకింగ్, పైరెట్ 1959లో లాక్టిక్ ఆమ్లానికి రాసిన సమీకరణంలో రెండు పదాలు ఉంటాయి: ఒకటి పెరుగుదల రేటుకు, ఒకటి ఉన్న కణాల బరువుకు అనులోమంగా. మీ డేటాను దానితో సరిపెట్టండి. కానీ మామూలు ఫ్లాస్కులో గ్లూకోజ్ అయిపోవడం, పెరుగుదల మందగించడం ఒకేసారి జరుగుతాయి. ఉత్పత్తి పెరిగితే అణచివేత తొలగినందుకా, నెమ్మదించినందుకా చెప్పలేరు. కొద్దికొద్దిగా ఆహారం అందిస్తూ పెరుగుదల రేటును రెండు మూడు స్థాయిల్లో నిలిపి చూడాలి.

## ఫలితం చూపేటప్పుడు

నా నమూనా చెప్పింది ప్రయోగంలో రాలేదు. ప్రాజెక్టు పోయినట్టేనా?

లేదు. ఏ ఊహ తప్పిందో చెప్పగలిగితే అది పూర్తి ఫలితం. ఊహలన్నీ ముందే వరుసగా రాసి పెట్టుకుని ఉంటే ఆ వెతుకులాట ఒక మధ్యాహ్నంలో అవుతుంది.

గైడ్ గారు 'ఇంకా జన్యువులు చేర్చు' అంటున్నారు. ఏం చెప్పాలి?

గౌరవంగా, పటంతో చెప్పండి. ఒక్కో జన్యువు రెండు సమీకరణాలు, కనీసం నాలుగు పరామితులు తెస్తుంది. ట్రైకోడెర్మాకు 9,000 పైగా జన్యువులున్నాయి. జీవక్రియ మొత్తం కావాలంటే దానికి వేరే రకం నమూనాలున్నాయి. ఈస్టుకు 2003లో 708 జన్యువులతో, ఆస్పర్‌జిల్లస్ నైజర్‌కు 2008లో 871 జన్యువులతో కట్టారు. అవి పదార్థాల ప్రవాహాన్ని లెక్కిస్తాయి, జన్యువు ఎప్పుడు మేల్కొంటుందో చెప్పవు. నియంత్రణే మీ ప్రశ్న అయితే ఇలా చేయండి. డేటాలో ఒక ప్రయోగాన్ని పక్కన దాచి, చిన్న నమూనాను, పెద్ద నమూనాను మిగతావాటితో సరిపెట్టండి. తర్వాత దాచినదాన్ని రెండూ ఎలా ఊహించాయో పక్కపక్కన గీయండి. పెద్దది మెరుగ్గా ఊహిస్తే గైడ్ గారు చెప్పింది నిజం, ఆ జన్యువును ఉంచండి. లేకపోతే ఆ రెండు పటాలనే ఆయన ముందు పెట్టండి.